అడ్డా కూలీ అసెంబ్లీకి పోటీ చేయాలంటే: ఎన్నికల అధికారులకు, చట్టసభల పెద్దలకు, పార్టీల నాయకులకు బహిరంగ లేఖ

ఎన్నికలు నిర్వహించే గౌరవ అధికారులకు, పార్లమెంటులో, శాసనసభలో కూర్చుని చట్టాలు చేసే పెద్దలకు, రాజకీయ పార్టీల నాయకులకు నమస్కారం.

నేను సెంట్రింగ్ పని చేస్తాను. ఇరవై రెండేళ్లుగా అదే పని. పొద్దున ఆరున్నరకు టిఫిన్ డబ్బా పట్టుకుని అడ్డా మీద నిలబడతాను. ఎవరైనా మేస్త్రీ పిలిస్తే ఆ రోజు పని ఉన్నట్టు. పది దాటినా ఎవరూ పిలవకపోతే ఇంటికి పోవాల్సిందే. 2023 నవంబరు 30న జరిగిన తెలంగాణ శాసనసభ ఎన్నికల్లో మా నియోజకవర్గం నుంచి స్వతంత్ర అభ్యర్థిగా పోటీ చేశాను. 119 స్థానాలకు బరిలో నిలిచిన 2,290 మందిలో నేనూ ఒకణ్ని. నాకు 1,186 ఓట్లు వచ్చాయి. డిపాజిట్ పోయింది. జనం ఇచ్చిన తీర్పు మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఆ ఓట్లు వేసినవాళ్లలో సగం మందిని పేరు పెట్టి పిలవగలను. వాళ్లకు ఎప్పటికీ రుణపడి ఉంటాను.

నా గోడు ఓటింగ్ ముందు జరిగినదాని గురించి, తర్వాత జరిగినదాని గురించి. ఎన్నికలైన నెలకే, 2024 జనవరిలో, నాకు ఎదురైన ఇబ్బందులన్నీ రాసి ఒక కార్యాలయంలో అర్జీ ఇచ్చాను. రసీదు ఇచ్చారు. ఆ తర్వాత మూడుసార్లు వెళ్లాను. "పైకి పంపాం" అన్నారు. వెళ్లిన ప్రతిసారీ ఒక రోజు కూలి పోయింది. లోక్‌సభ ఎన్నికలు అయ్యాక ఇంకో అర్జీ ఇచ్చాను. నేను చెప్పింది తప్పని ఎవరూ అనలేదు, ఒప్పని కూడా అనలేదు. అందుకే ఇప్పుడు అందరి ముందూ చెప్పుకుంటున్నాను.

ముందు, ఎందుకు నిలబడ్డానో చెప్పాలి. మా అడ్డాలో నాతోపాటు పనిచేసే ఒక కుర్రాడు రెండో అంతస్తు స్లాబ్ మీద షీట్లు విప్పుతూ కిందపడి చనిపోయాడు. నడుముకు బెల్టు లేదు, కింద వల లేదు. భవన కార్మికుల సంక్షేమ బోర్డు ఇచ్చే లేబర్ కార్డు ఉంది గానీ రెన్యువల్ చేయించుకోలేదు. కాంట్రాక్టర్ దహన ఖర్చులు ఇచ్చి చేతులు దులుపుకున్నాడు. అతని భార్యను వెంటబెట్టుకుని తిరగని చోటు లేదు, కలవని నాయకుడు లేడు. అందరూ మంచిగానే మాట్లాడారు, కాగితం తీసుకున్నారు, అక్కడితో సరి. ఒక రోజు అడ్డా మీద మా పెద్దమేస్త్రీ అన్నాడు: "మన ముచ్చట ఆడ మాట్లాడెటోడు ఒక్కడన్న ఉండాలె కదరా." ఆ మాటతోనే నిలబడ్డాను.

రాజ్యాంగం ప్రకారం శాసనసభకు పోటీ చేయడానికి భారత పౌరుడై ఉండాలి, 25 ఏళ్లు నిండాలి. చట్టం ప్రకారం రాష్ట్రంలో ఎక్కడో ఒకచోట ఓటరై ఉండాలి. ఆస్తి ఉండాలని గానీ, చదువు ఉండాలని గానీ ఎక్కడా లేదు. ఇంత గొప్ప హక్కు ఇచ్చిన దేశంలో పుట్టినందుకు నాకు గర్వంగానే ఉంది. కానీ ఆ హక్కును వాడుకోవడానికి బయలుదేరితే దారిలో ఏమేం అడ్డం వచ్చాయో వరసగా రాస్తున్నాను.

1. డిపాజిట్. శాసనసభకు 10,000 రూపాయలు. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు అందులో సగం. నేను బీసీని కాబట్టి మొత్తం కట్టాలి. అప్పట్లో నా కూలి రోజుకు 900. నెలలో నాకు దొరికేది పద్దెనిమిది, ఇరవై రోజుల పని. అంటే సగం నెల కూలికి పైగా డిపాజిట్‌కే పోతుంది. పోలై చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటితేనే ఆ డబ్బు తిరిగి వస్తుంది.

ఈ డిపాజిట్ కథ మన తెలుగువాళ్లకు ముఖ్యంగా తెలియాలి. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండలో 480 మంది పోటీ చేశారు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంకర పోయిన ఊళ్ల గోడు దేశానికి వినపడాలని అంతమంది నామినేషన్లు వేశారు. బ్యాలెట్ పుస్తకమంత అయింది. ఆ ఏడాదే చట్టం మార్చారు. శాసనసభ డిపాజిట్ 250 రూపాయల నుంచి ఒక్కసారిగా 5,000 అయింది. గుర్తింపు పొందిన పార్టీ బలం లేనివాళ్లకు పదిమంది ప్రతిపాదకులు, అంటే నామినేషన్ మీద సంతకం పెట్టే ఓటర్లు, కావాలన్నారు. ప్రచారానికి దొరికే రోజులు కూడా తగ్గించారు. 2010 నుంచి డిపాజిట్ 10,000 అయింది. ఎవరు పడితే వాళ్లు నిలబడి ఎన్నికను గందరగోళం చేయకూడదన్న మీ ఆలోచన నాకు అర్థమవుతుంది. కానీ దప్పిక గురించి చెప్పడానికి వచ్చినవాళ్లకు గడప ఎత్తు పెంచడం జవాబు ఎలా అవుతుందో ఇప్పటికీ అర్థం కాదు. 2019లో నిజామాబాద్ లోక్‌సభ స్థానానికి 185 మంది పోటీ చేశారు. వాళ్లలో ఎక్కువమంది పసుపు, ఎర్రజొన్న రైతులు. ఒక్కొక్కరు 25,000 కట్టారు. వాళ్ల డిపాజిట్లు దక్కలేదు గానీ దేశమంతా వాళ్లు అడిగిన పసుపు బోర్డు గురించి మాట్లాడింది. 2025 జనవరిలో ఆ బోర్డు నిజామాబాద్‌లోనే మొదలైంది. గెలవలేనివాళ్ల పోటీకి కూడా అర్థం ఉంటుందని దీన్నిబట్టే తెలుస్తోంది కదా. రైతులు పొలం కుదువ పెట్టో, అందరూ కలిసి చందా వేసుకునో కట్టారనుకుందాం. పొలం కూడా లేనివాడి సంగతేమిటి?

2. పదిమంది ప్రతిపాదకులు. పెద్ద పార్టీ అభ్యర్థికి ఒక్కరు చాలు. నాకు పదిమంది కావాలి, పదిమందీ అదే నియోజకవర్గం ఓటర్లై ఉండాలి. మా అడ్డా మీద రోజూ నూట ముప్పై, నూట నలభై మంది నిలబడతారు. వాళ్లలో చాలామందికి ఓటు సొంత ఊళ్లో ఉంది. కొందరు పాలమూరు, ఆదిలాబాద్ పల్లెల వాళ్లు. ఇంకొందరు ఒడిశా, బీహార్ నుంచి వచ్చినవాళ్లు. పదేళ్లుగా ఇక్కడే ఉంటున్నా ఇల్లు మారినప్పుడల్లా ఓటు మార్పించుకునే తీరిక వాళ్లకు లేదు. ఇక్కడ ఓటున్నవాళ్లలో నలుగురు "సంతకం పెడితే కాంట్రాక్టర్‌కు తెలుస్తది అన్నా, పని పిలవడు" అన్నారు. వాళ్లను తప్పు పట్టలేను. చివరికి నా భార్య, మా వీధిలో ఇస్త్రీ బండి పెట్టుకున్న అన్న, పాల ప్యాకెట్లు వేసే తమ్ముడు, నలుగురు బీడీ కార్మికులు, ముగ్గురు మేస్త్రీలు సంతకాలు పెట్టారు. ఆ పదిమంది వోటరు నంబర్లు, భాగం నంబర్లు వెతికి రాసుకోవడానికే రెండు రోజులు పట్టింది.

3. అఫిడవిట్. దీన్ని ఫారం 26 అంటారు. ఆస్తులు, అప్పులు, కేసులు, చదువు, ఐదేళ్ల ఆదాయపు పన్ను లెక్కలు, భార్యాపిల్లల వివరాలు, అన్నీ రాయాలి. ఇది ఉండాల్సిందే. ఓటరుకు తెలియాల్సిందే. అందులో ఒక్క గడి కూడా ఖాళీగా వదలకూడదు. లేకపోతే "లేదు" అని, వర్తించకపోతే "వర్తించదు" అని రాయాలి. నాకున్న ఆస్తి పాత బైకు, భార్య మెడలో పుస్తెలు, బ్యాంకులో మూడు వేలు. "లేదు" అని రాయడానికి నేను మూడు రోజులు తిరిగాను. టైపింగ్ సెంటర్‌లో ఒకసారి తప్పు పడింది, మళ్లీ చేయించాను. నోటరీ ప్రతి పేజీ మీదా ముద్ర వేయాలి. వాటికైన డబ్బు కన్నా, ఎక్కడో ఒక గడి ఖాళీగా ఉండిపోయి నామినేషన్ కొట్టేస్తారేమోనన్న టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. వకీలు పక్కనున్నవాడికి ఈ భయం ఉండదు.

4. బ్యాంకు ఖాతా. ఎన్నికల ఖర్చు కోసమే విడిగా ఒక ఖాతా, నామినేషన్‌కు కనీసం ఒక రోజు ముందే తెరవాలి. అభ్యర్థులకు త్వరగా ఖాతాలు ఇవ్వాలని బ్యాంకులకు ఆదేశాలు ఉంటాయి. నేను వెళ్లిన శాఖలో కౌంటర్‌లో ఉన్నాయనకు ఆ సంగతి తెలియదు. "కరెంటు బిల్లు మీ పేరు మీద ఉందా" అన్నారు. అద్దె ఇల్లు, బిల్లు ఓనర్ పేరు మీద ఉంటుంది. రెండో రోజు ఇంకో శాఖలో ఖాతా వచ్చింది గానీ చెక్కుబుక్కు ప్రచారం మొదలయ్యాక వచ్చింది. ఒక మనిషికి ఎన్నికల మొత్తంలో 10,000కు మించి నగదు ఇవ్వకూడదు. మైకు కట్టిన ఆటోకు పదమూడు రోజులకు పదిహేను వేలు దాటుతుంది. ఆటో నడిపే తమ్ముడు చెక్కు తీసుకోనన్నాడు. అతనికి ఆ రోజు గ్యాస్ కొట్టించుకోవడానికి ఆ రోజే డబ్బు కావాలి కదా. ఎనిమిదో రోజుకు మైకు ఆగిపోయింది. నల్లడబ్బును ఆపడానికి పెట్టిన నియమం అది. ఆ నియమం మంచిదేనని నేనూ అంటాను. కానీ మా నియోజకవర్గంలో ఆ నియమం వల్ల మైకు ఆగింది నాది ఒక్కడిదే.

5. పని దినాలు. అన్నిటికన్నా పెద్ద కష్టం ఇదే. దీని గురించి ఎవరూ మాట్లాడరు.

నామినేషన్లు పొద్దున 11 నుంచి మధ్యాహ్నం 3 దాకా తీసుకుంటారు. నాలుగు గంటలే కదా అనిపిస్తుంది. అడ్డా మీద ఎనిమిదిన్నరకే పని ఖాయమవుతుంది. ఆ నాలుగు గంటల కోసం రోజంతా పోతుంది. పరిశీలన రోజు అంతే, ఉపసంహరణ రోజు, గుర్తు ఇచ్చే రోజు అంతే. నేను డైరీలో రాసుకున్న లెక్క ఇది: ప్రతిపాదకులు, అఫిడవిట్, ఖాతా పనులకు ఆరు రోజులు. నామినేషన్, పరిశీలన, గుర్తు, తలా ఒక రోజు. ప్రచారం పదమూడు రోజులు. ఏజెంట్ల కాగితాలకు ఒకటి, పోలింగ్ ఒకటి, కౌంటింగ్ ఒకటి. చివర్లో లెక్కలు అప్పజెప్పడానికి రెండు. మొత్తం 27 రోజులు. రోజుకు 900 చొప్పున 24,300 రూపాయల కూలి. ఇది ఎన్నికల ఖర్చు రిజిస్టర్‌లో ఎక్కడా రాయరు. రాయడానికి గడి లేదు. కానీ మా ఇంట్లో ఇది బియ్యం డబ్బు, అద్దె డబ్బు, పాప ఫీజు. నవంబరు అద్దె డిసెంబరు ఇరవైకి కట్టాను. నా భార్య తన సంఘంలో అప్పు తీసుకుంది. ఆ అప్పు తీరడానికి పద్నాలుగు నెలలు పట్టింది.

పోలింగ్ రోజున ఓటరుకు జీతంతో సెలవు ఇవ్వాలని ప్రజాప్రాతినిధ్య చట్టంలో 135బి సెక్షన్ ఉంది. రోజుకూలీకి కూడా అది వర్తిస్తుంది. అంటే ఓటు వేసేవాడి కూలి పోకూడదని చట్టం ఆలోచించింది. పోటీ చేసేవాడి కూలి గురించి ఆలోచించలేదు. బహుశా కూలి పోయేవాడు పోటీ చేస్తాడని ఆ చట్టం రాసినవాళ్లు అనుకోలేదేమో. నేను అడ్డా మనిషిని, కనీసం సెలవు అడగడానికి యజమాని లేడు. ఫ్యాక్టరీలో, ఆసుపత్రిలో, మాల్‌లో కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్ల పరిస్థితి ఇంకా కష్టం. నెల రోజులు రాకపోతే ఆ స్థానంలో ఇంకొకరు ఉంటారు.

ఇంకో సంగతి చెప్పాలి. ఎన్నికల నెలలో మా అడ్డా సగం ఖాళీ అవుతుంది. మీటింగులకు, ర్యాలీలకు మనుషులు కావాలి కాబట్టి బస్సులు వచ్చి అడ్డా ముందే ఆగుతాయి. భోజనం పెట్టి, రోజు కూలి ఇచ్చి తీసుకెళ్తారు. వెళ్లినవాళ్లను నేను ఏమీ అనను. ఆ రోజు పొయ్యి వెలగాలి. అదే మనిషి నాతో ఒక గంట నడవాలంటే తన కూలి వదులుకుని రావాలి. అలా వదులుకుని వచ్చినవాళ్లు పదకొండు మంది ఉన్నారు. వాళ్లను తలుచుకుంటే ఇప్పటికీ కళ్లు తడుస్తాయి.

6. గుర్తు, ఓటర్ల జాబితా. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి గుర్తు ఏళ్ల ముందే జనానికి తెలుసు. నాకు నవంబరు 15న ఉపసంహరణ గడువు ముగిశాక గుర్తు చెప్పారు. 28 సాయంత్రానికి ప్రచారం బంద్. పదమూడు రోజుల్లో కరపత్రం అచ్చు వేయించి, రెండు లక్షలకు పైగా ఓటర్లకు నా గుర్తు ఇదని చెప్పాలి. ఓటింగ్ మిషన్ మీద పెద్ద పార్టీల పేర్లు అన్నీ అయ్యాక, చివర్లో మా పేర్లు వస్తాయి. ఓటర్ల జాబితా గుర్తింపు ఉన్న పార్టీల అభ్యర్థులకు ఉచితంగా ఇస్తారు, చట్టంలోనే 78ఏ అని ఉంది. స్వతంత్రులు డబ్బు కట్టి తీసుకోవాలి. వెబ్‌సైట్‌లో ఉంది కదా దింపుకోమన్నారు. అన్ని బూతుల జాబితాలు ప్రింటు తీయిస్తే అయ్యే ఖర్చు చూసి నేను మా వార్డువి మాత్రమే తీయించాను. పోటీ ఒకటే, కట్టిన డిపాజిట్ ఒకటే. జాబితా దగ్గర తేడా ఎందుకు?

7. ఖర్చు పరిమితి. 2022 నుంచి మన రాష్ట్రంలో శాసనసభ అభ్యర్థి 40 లక్షల దాకా ఖర్చు పెట్టుకోవచ్చు. 2014లో అది 28 లక్షలు. నా కూలితో లెక్కేస్తే 40 లక్షలు సంపాదించడానికి, నెలకు ఇరవై రోజుల పని దొరికిందనుకున్నా, పద్దెనిమిదేళ్లకు పైగా పడుతుంది, అదీ ఒక్క పూట కూడా తినకుండా ఉంటే. ఇది అభ్యర్థి ఖర్చుకు మాత్రమే. పార్టీ పెట్టే సాధారణ ప్రచారం ఖర్చు, స్టార్ ప్రచారకుల ప్రయాణాలు ఇందులోకి రావు. పార్టీల ఖర్చుకు అసలు పరిమితే లేదు. గుర్తింపు ఉన్న పార్టీకి నలభై మంది స్టార్ ప్రచారకులు ఉండొచ్చు. నాకు మా పెద్దమేస్త్రీ ఉన్నాడు, ఆయన బస్సు టికెట్ కూడా నా లెక్కలోనే రాశాను.

8. కేసులు. 2018లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక, కేసులున్న అభ్యర్థులు ఆ వివరాలను మూడుసార్లు పత్రికల్లో, టీవీలో ప్రకటించాలి. నేరస్థులు దొంగచాటుగా గెలవకూడదని వచ్చిన మంచి తీర్పు. అయితే ఆగిపోయిన కూలి కోసం రోడ్డు మీద కూర్చున్నందుకు మా మీద ఒక కేసు ఉంది, ఇంకా తేలలేదు. హత్య కేసున్నవాడికీ, ధర్నా కేసున్నవాడికీ ప్రకటన ఖర్చు ఒకటే. కేసు దాచాలని నేను అడగడం లేదు. ఎందుకు కూర్చున్నానో ప్రతి గడపలో నేనే చెప్పాను. ఆ ప్రకటనలకు అయిన డబ్బుతో మూడు వేల కరపత్రాలు అచ్చయ్యేవి.

9. లెక్కలు. రోజువారీ రిజిస్టర్ రాయాలి, ప్రచారం మధ్యలో మూడుసార్లు తీసుకెళ్లి చూపించాలి. ఫలితం వచ్చిన ముప్పై రోజుల్లో పూర్తి లెక్క ఇవ్వాలి. ఇవ్వకపోతే మూడేళ్లు పోటీకి అనర్హుణ్ని చేయొచ్చు. నేను డిసెంబరు 28న ఇచ్చేశాను. మా అమ్మాయి తొమ్మిదో తరగతి, రాత్రుళ్లు కూర్చుని తనే రాసింది. అలా రాసిపెట్టే పిల్ల ఇంట్లో లేనివాళ్లు ఏం చేస్తారు? ఓడిపోయి, అప్పులపాలై, మళ్లీ పనిలో పడ్డ కూలీకి ఆ గడువు గుర్తుండదు. కోట్లు ఖర్చు పెట్టి తక్కువ చూపించేవాళ్లకు మాత్రం లెక్కలు రాసే మనుషులుంటారు, కాగితాలన్నీ సరిగ్గా ఉంటాయి.

ఇవన్నీ నా ఒక్కడి ఇబ్బందులైతే ఓపిక పట్టేవాణ్ని. దీనివల్ల నష్టపోయేది మా అడ్డా, మాలాంటి వందల అడ్డాలు. భవనాలు కట్టే ఖర్చులో ఒక శాతం సెస్సు కార్మికుల సంక్షేమానికి వసూలు చేస్తారు. ఆ డబ్బు ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, కార్డు రెన్యువల్ కాక సాయం ఆగిపోయిన కుటుంబాలు ఎన్ని అని సభలో ఎంతమంది ఎన్నిసార్లు అడిగారో రికార్డులు తీసి మీరే చూడండి. వల కట్టని కాంట్రాక్టర్ మీద కేసు ఎందుకు నిలవదని అడగాలంటే, ఎత్తు మీద వల లేకుండా నిలబడ్డ కాళ్లు ఎలా వణుకుతాయో తెలిసినవాడు అక్కడ ఒక్కడైనా ఉండాలి. బీడీలు చుట్టే అక్కలకు నెలలో ఎన్ని రోజులు పని ఇస్తున్నారు, ఆసుపత్రుల్లో ఊడ్చే తల్లులకు జీతం ఎన్ని నెలలకోసారి పడుతోంది, ఇవి చదివి తెలుసుకునేవాళ్లు అడిగే తీరు వేరు, అనుభవించినవాళ్లు అడిగే తీరు వేరు.

సామాన్యులు గెలిచిన సందర్భాలు లేకపోలేదు. మన ఇల్లందు నుంచి గుమ్మడి నర్సయ్య గారు ఐదుసార్లు గెలిచారు. ఎమ్మెల్యేగా ఉండి కూడా సాదాగా ఆర్టీసీ బస్సులో తిరిగారని మా పెద్దలు చెబుతారు. 2021లో పశ్చిమ బెంగాల్‌లోని సాల్తోరాలో తాపీ పనివాడి భార్య, తనూ కూలీకి పోయే చందనా బౌరి గెలిచారు. 2022లో పంజాబ్‌లోని భదౌర్‌లో మొబైల్ రిపేర్ చేసే లాభ్ సింగ్ ఉగోకే అప్పటి ముఖ్యమంత్రిని ఓడించారు. వీళ్ల పార్టీలు వేరు, భావాలు వేరు. ముగ్గురికీ వెనక ఒక పార్టీ నిలబడింది. పార్టీ నిలబెడితే కూలీ గెలవగలడని జనం చూపించారు. కాబట్టి "కార్మికుడికి టికెట్ ఇస్తే ఎవరు ఓటేస్తారు" అని పార్టీల పెద్దలు దయచేసి అనకండి.

మా డిమాండ్లు ఇవి. కొన్నిటికి పార్లమెంటు చట్టం మార్చాలి, కొన్నిటికి అధికారులు ఒక ఉత్తర్వు ఇస్తే చాలు.

1. ఈ-శ్రమ్ కార్డు గానీ, సంక్షేమ బోర్డు గుర్తింపు గానీ ఉన్న అసంఘటిత కార్మికులకు డిపాజిట్ సగం చేయాలి. లేదంటే డబ్బు బదులు నియోజకవర్గంలోని రెండు వందల మంది ఓటర్ల సంతకాలు తీసుకోవాలి. సరదాకి నిలబడేవాణ్ని ఆపడానికి సంతకాల సేకరణే పెద్ద జల్లెడ.

2. నామినేషన్ నుంచి కౌంటింగ్ దాకా అభ్యర్థిని ఉద్యోగంలోంచి, కాంట్రాక్టు పనిలోంచి తీసేయకూడదని చట్టం చేయాలి. 135బి పక్కనే ఇంకో సెక్షన్ రాస్తే సరిపోతుంది.

3. యజమాని లేని రోజుకూలీ అభ్యర్థికి ప్రచార రోజులకు కనీస వేతనం లెక్కన ప్రభుత్వం భత్యం ఇవ్వాలి. దుర్వినియోగం అవుతుందని అనుమానం ఉంటే, ఖర్చుల లెక్క సరిగ్గా అప్పజెప్పాకే ఇవ్వండి. ఎన్నికల ఖర్చును ప్రభుత్వం కొంత భరించాలని 1998లో ఇంద్రజిత్ గుప్తా కమిటీ చెప్పింది. అది గుర్తింపు ఉన్న పార్టీల అభ్యర్థులకే, అదీ వస్తువులు, సౌకర్యాల రూపంలోనే అని చెప్పింది. ఆ సాయం మా దాకా రావాలని అడుగుతున్నాం.

4. నామినేషన్ల వారంలో ప్రతి నియోజకవర్గంలో సాయంత్రం ఎనిమిది దాకా తెరిచి ఉండే సహాయ కేంద్రం పెట్టాలి. అఫిడవిట్ రాయడం, నోటరీ అక్కడే ఉచితంగా జరగాలి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థల్లో పారా లీగల్ వాలంటీర్లు ఉన్నారు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, పారిశ్రామిక కార్మికులకు ఉచిత న్యాయసాయం ఇప్పటికే చట్టంలో ఉంది. దాన్ని ఈ పనికి వాడండి.

5. ఎన్నికల ఖాతా, చెక్కుబుక్కు అడిగిన రోజే ఇవ్వాలి. పోస్టాఫీసులో కూడా తెరవొచ్చని ప్రతి పోస్టాఫీసు ముందు బోర్డు పెట్టాలి.

6. చెల్లిన నామినేషన్ ఉన్న ప్రతి అభ్యర్థికి ఓటర్ల జాబితా ఉచితంగా ఇవ్వాలి.

7. పార్టీల ఖర్చుకు పరిమితి పెట్టాలి. అది లేనంతవరకు అభ్యర్థి ఖర్చు మీద పరిమితి కాగితానికే పరిమితం.

8. కేసుల పూర్తి వివరాలతో వేసే ప్రకటనల ఖర్చును ఆదాయం లేని అభ్యర్థుల విషయంలో ప్రభుత్వమే భరించాలి.

9. పారిశుధ్య పనిలో, ఆశా, అంగన్‌వాడీ పనుల్లో, ఔట్‌సోర్సింగ్‌లో ఉన్నవాళ్లు పోటీ చేయొచ్చా, చేయకూడదా, రాజీనామా చేయాలా అన్నది తెలుగులో, రాతపూర్వకంగా, నోటిఫికేషన్‌కు ఆరు నెలల ముందే చెప్పాలి. ఒక్కో కార్యాలయంలో ఒక్కో మాట చెబితే భయపడి ఎవరూ ముందుకు రారు.

పార్టీల నాయకులకు విడిగా ఒక మాట. 119 స్థానాల్లో మీరు ఎంతమంది రోజుకూలీలకు, బీడీ కార్మికులకు, ఆటో డ్రైవర్లకు, హమాలీలకు టికెట్ ఇచ్చారో ఎన్నికలకు ముందు మీరే ఒక జాబితా ప్రకటించండి. కులాల లెక్క, మహిళల లెక్క చెబుతున్నారు, అది మంచిదే. పని లెక్క కూడా చెప్పండి.

అధికారులకు చివరి మనవి. మళ్లీ శాసనసభ ఎన్నికలు 2028లో రావాలి. అంటే చట్టం మార్చడానికి, ఉత్తర్వులు ఇవ్వడానికి సమయం ఉంది. ఈ లేఖకు "కుదరదు" అని జవాబు వచ్చినా తీసుకుంటాం, ఎందుకు కుదరదో రాయండి చాలు. ఎవరినైనా పంపి విచారించాలనుకుంటే మా అడ్డాకే పంపండి. ఉదయం ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర మధ్య రమ్మనండి, ఆ తర్వాత పనిలోకి వెళ్లిపోతాం. ఆ కుర్రాడి భార్య కూడా ఇప్పుడు అక్కడే, మట్టి పనికి నిలబడుతోంది. ఆమెతో కూడా మాట్లాడమనండి.

ఇట్లు,
2023 శాసనసభ ఎన్నికల్లో స్వతంత్ర అభ్యర్థిగా పోటీ చేసిన ఒక సెంట్రింగ్ కార్మికుడు,
అడ్డా మీది తోటి కార్మికుల తరఫున